దూరపు కొండలు నునుపు: టెలివిజన్ బొమ్మయు, మన కన్నును



చెవితో వినదగిన రేడియోలో కంటితో చూడదగిన టెలివిజన్‌ను గూర్చి మాటలాడుట కొంత విపరీతముగా తోచవచ్చును. కాని నేటి నా ప్రసంగమునకు బొమ్మలతో పని లేదు. ఒక కొలటేపు, ఒక తెల్లకాగితము, మీ రెండు కన్నులు నున్న చాలును. నేను చెప్పబోవు మాటలలో ఒక్కటి జ్ఞాపకముంచుకొన్నను ఏదో యొక యింట కొన్ని వేల రూపాయలు మిగులును. మఱియొక యింట నొక వృద్ధుని చూపు నిలుచును.

నిమ్మనపల్లెలో నే నెఱిగిన యొక రైతు కుటుంబము కలదు. టమాటాకు మంచి ధర పలికిన యొక యేడు ఆ యింటి కుమారుడు క్రొత్త టెలివిజన్ పెట్టె కొనదలచెను. ఇంట నున్నది 43 అంగుళముల పెట్టె. అది చెడిపోలేదు. దానిపై 'ఫుల్ హెచ్.డి.' యను ముద్ర గలదు. పట్టణములోని యంగడివాడు మాత్రము 'ఈ కాలమున 4 కె కానిది టెలివిజనే కాదు' అని చెప్పి పంపెను. ఇంటిలోని పెద్దాయనయు కొన్నాళ్ళుగా, 'బొమ్మ మసకగా నున్నదిరా, వార్తల యడుగున పరుగెత్తు నక్షరములు కనబడుట లేదు' అని చెప్పుచుండెను. 'పెట్టె పాతబడినది నాయనా, మంచిది తెచ్చెదను' అని కుమారుడు మాట యిచ్చెను. నేను ఆ యింటికి పోయినపుడు అతడు నన్నడిగిన దొక్కటే: 'అన్నా, 4 కె పెట్టె తెచ్చినచో నాయనకు అక్షరములు కనబడునా?'

ప్రశ్న చిన్నది. కాని దీనికి పెట్టెను చూచి ఉత్తరము చెప్పరాదు; మంచమును చూచి చెప్పవలయును. ఆ పెద్దాయన కూర్చుండు మంచమునకును, గోడమీది తెరకును నడుమ దూర మెంత? ఆయన కన్ను ఎంత సన్నని దానిని గుర్తింపగలదు? ఆ తెరపైకి వచ్చు ప్రసారము ఎట్టిది? ఈ మూడును తెలిసిన పిమ్మటనే పెట్టె మాట.

మన పెద్దలు 'దూరపు కొండలు నునుపు' అనిరి. హార్స్‌లీ కొండను మదనపల్లె వైపునుండి చూచినచో పచ్చని కంబళి కప్పినట్లు నున్నగా కనబడును. పైకెక్కి చూచిన యెడల బండలు, పొదలు, నీలగిరి చెట్లు, లోయలు వేఱువేఱుగా కనబడును. కొండ మాఱలేదు. కన్ను చేరిన దూరము మాఱినది. నేను నేడు చెప్పబోవు శాస్త్రమంతయు ఈ సామెత కడుపులోనే యున్నది.

టెలివిజన్ బొమ్మ ఒకే ముక్క కాదు. అది చుక్కల మూక. మదనపల్లె చెంత నీరుగట్టువారిపల్లె మగ్గములమీద పట్టుచీర నేయుట మీలో చాలమంది చూచియుందురు. పడుగు ఒక రంగు, పేక వేఱొక రంగు. చీర దూరమునకు నెమలికంఠము రంగుగా కనబడును. చీరను కంటికి దగ్గఱగా తెచ్చుకొన్నచో రెండు రంగుల పోగులును విడివిడిగా తెలియును. టెలివిజన్ తెరయు నిట్టిదే. ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగుల మినుకులు కలిసి యొక చుక్క యగును. దానికే పిక్సెల్ అని పేరు. అట్టి చుక్కలు అడ్డముగా నిన్ని వరుసలు, నిలువుగా నిన్ని వరుసలు పేర్చగా బొమ్మ యగును. అంగుళమునకు పోగులెక్కువైన కొలది చీర సన్ననగునట్లే, చుక్కలెక్కువైన కొలది బొమ్మ సన్ననగును.

ఇపుడు అంగడిలో వినబడు పేర్ల లెక్క వినుడు. మన దేశపు సాధారణ ప్రసారములో అడ్డమునకు 720, నిలువునకు 576 చుక్కలు, మొత్తము 4,14,720. హెచ్.డి. యనబడు చిన్నరకములో 1280, 720, మొత్తము 9,21,600. ఫుల్ హెచ్.డి.లో 1920, 1080, మొత్తము 20,73,600. 4 కె యనుదానిలో 3840, 2160, మొత్తము 82,94,400. 8 కె యనుదానిలో 7680, 4320, మొత్తము 3,31,77,600. ఫుల్ హెచ్.డి. కంటె 4 కె లో చుక్కలు నాలుగింతలు. అంగడివాడు చెప్పు నీ మాట అబద్ధము కాదు. అయితే చుక్కలు నాలుగింతలుండుట వేఱు, నాలుగింతలు కనబడుట వేఱు.

ఈ చుక్కల పరుగు క్రొత్తది కాదు. 1926 జనవరి 26వ తేదీన లండను నగరమున జాన్ లోగీ బేర్డు అను నతడు పండితుల యెదుట టెలివిజన్‌ను ప్రదర్శించెను. నాటి బొమ్మకు 30 గీతలే. మనుష్యుని ముఖము గుర్తుపట్టుటయే గొప్ప. పదేండ్లకు, 1936లో, లండను ప్రసారములు 405 గీతలకు చేరెను. మన దేశమున 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో టెలివిజన్ ప్రయోగముగా ఆరంభమైనది. మన దేశము 625 గీతల పద్ధతిని గైకొన్నది. అందు బొమ్మను మోయు గీతలు 576. అప్పుడు టెలివిజన్ ఆకాశవాణిలో నొక భాగము. 1976 ఏప్రిల్ 1న మాత్రమే వేఱు సంసారము పెట్టుకొన్నది.

తెలుగు పల్లెలకు టెలివిజన్ వచ్చిన కథయు నిచట చెప్పదగినది. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు ఒక యేడాదిపాటు, అమెరికావారి ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహము సహాయముతో, నాటి ఆంధ్రప్రదేశ్ మొదలగు ఆఱు రాష్ట్రములలో సుమారు 2400 గ్రామములకు ప్రసారములు నడిచెను. ఊరికొక పెట్టె. బొమ్మ నలుపు తెలుపు. పిల్లలు ముందు, పెద్దలు వెనుక, వెనుకకు చోటు చాలనివారు గోడలపైన. ఇట్లు ఊరంతయు ఒక్క తెర ముందు కూడెను. ముందు కూర్చున్న పిల్లవాడును, వెనుక నిలుచున్న పెద్దాయనయు చూచినది ఒకే బొమ్మ. కాని వారి కన్నులకు చేరిన బొమ్మ యొకటి కాదు. పిల్లవానికి గీతలు కనబడును. వెనుకవానికి అవి కలిసిపోయి నున్నని బొమ్మ యగును. గీతల సంఖ్య యందఱికి నొక్కటే. కూర్చున్న చోటు మాత్రము వేఱు.

1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము వెలసెను. 1982లో, ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగిన యేడు, రంగులు వచ్చెను. 2010లో కామన్వెల్తు క్రీడల వేళ దూరదర్శన్ హెచ్.డి. ప్రసారము మొదలిడెను. తరువాతి సంగతి మీరెఱిగినదే.

ఇక కంటి మాట. కంటి కొలతను పంచాంగపు భాషలోనే చెప్పెదను. రాశికి 30 భాగలు, భాగకు 60 లిప్తలు. ఆకాశమున పూర్ణచంద్రుని బింబము సుమారు 30 లిప్తల వెడల్పు. ఆరోగ్యవంతమైన కన్ను రెండు వస్తువులను వేఱువేఱుగా గుర్తింపవలెనన్న వాని నడుమ సుమారు ఒక లిప్త యెడముండవలయునని వైద్యులు లెక్క కట్టిరి. 1862లో స్నెల్లన్ అను డచ్చి నేత్రవైద్యుడు ఈ లెక్కమీదనే అక్షరముల పలక తయారుచేసెను. కంటి డాక్టరు గోడమీద వ్రేలాడదీసి చదివించు పలక యదియే. 6/6 అను చూపునకు అర్థ మేమనగా, 6 మీటర్ల దూరమున, అనగా సుమారు 20 అడుగుల దూరమున, అక్షరపు గీతల నడుమ ఒక లిప్త యెడమును గుర్తింపగలుగుట. 6/12 అనగా, మంచి కన్ను 12 మీటర్లనుండి చూడగల దానిని ఆ కన్ను 6 మీటర్లకు వచ్చిన గాని చూడలేదన్న మాట.

ఒక లిప్త యెంతటిదో తెలిసికొనుటకు పది రూపాయల నాణెమును తలంచుకొనుడు. దాని వెడల్పు 27 మిల్లీమీటర్లు. 93 మీటర్ల దూరమున, అనగా సుమారు 305 అడుగుల దూరమున, ఆ నాణెము మన కంటికి ఒక లిప్త యగును. అచ్చట రెండు నాణెములు నాణెమంత యెడముతో నుంచినను సామాన్యమైన కంటికి అవి రెండని తెలియుట కష్టము. టెలివిజన్ చుక్కలకును ఇదే న్యాయము. ప్రక్కప్రక్క చుక్కల యెడము ఒక లిప్తకు లోబడినచో కన్ను వానిని కలిపివేయును. అటుపై చుక్కలను నాలుగింతలు చేసినను, పదింతలు చేసినను కంటికి చేరునది ఒక్కటే.

ఈ లెక్కనుండి యొక సులభమైన సూత్రము వచ్చును. దీనికి పెట్టెమీది ముద్ర గాదు, బొమ్మ యెత్తు కావలయును. అంగడిలో చెప్పు 43 అంగుళములు మూల నుండి మూలకు కొలిచినవి. బొమ్మ యెత్తు 21 అంగుళములే. 32 అంగుళముల పెట్టెకు ఎత్తు సుమారు 16. 55 అంగుళముల దానికి 27. 65 అంగుళముల దానికి 32. ఆ యెత్తును తీసికొనుడు. సాధారణ ప్రసారమునకు ఎత్తునకు 6 రెట్లు; చిన్నరకపు హెచ్.డి.కి సుమారు 5 రెట్లు, ఫుల్ హెచ్.డి.కి 3 రెట్లు, కొంచె మెక్కువ. 4 కె కి ఒకటిన్నర రెట్లు, కొంచె మెక్కువ. ఇదియే యెల్ల. ఎల్లకు లోపల కూర్చున్నవానికి ఇంతకంటె సన్నని బొమ్మ పనికివచ్చును. ఎల్ల దాటి వెనుక కూర్చున్నవానికి సన్నదనము పెరిగినను తెలియదు.

నిమ్మనపల్లె యింటిలో కొలిచి చూచితిమి. మంచమునుండి తెరకు 9 అడుగులు. బొమ్మ యెత్తు 21 అంగుళములు. సాధారణ ప్రసారపు ఎల్ల పదిన్నర అడుగులు. ఆయన దానికి లోపలనున్నారు. కాబట్టి మంచి కన్నున్నచో సాధారణ ప్రసారమునకును హెచ్.డి. ప్రసారమునకును భేదము కొంత తెలియవలయును. ఫుల్ హెచ్.డి. ఎల్ల సుమారు 5 అడుగుల 7 అంగుళములు. ఆయన దానిని దాటి మూడడుగులకు పైగా వెనుకనున్నారు. 4 కె యందలి సన్నదనము సంపూర్ణముగా అనుభవించుటకు మూడడుగుల కంటె దగ్గఱగా కూర్చుండవలయును. అంత దగ్గఱ కూర్చుండు వారు ఇంటిలో చిన్నపిల్లవాడు తప్ప మఱియొకరు లేరు. వానిని గూడ అవ్వ వెనుకకు లాగుచుండును.

ఇచట మీలో నొకరు, 'లిప్త లెక్క 1862 నాటిది గదా, నేటి పరీక్ష లేమి చెప్పుచున్నవి?' అని యడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. 2025లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులును, మెటా సంస్థవారును కలిసి, తెరను ముందునకును వెనుకకును జరుపుచు, గీతలు కనబడునో లేదో మనుష్యులను అడిగి కొలిచి ప్రకటించిరి. పాత లెక్క ప్రకారము భాగకు 60 చుక్కలు కంటి యెల్ల. వారి కొలతలో నలుపు తెలుపు బొమ్మకు సుమారు 94 చుక్కలు వచ్చెను. ఎఱుపు ఆకుపచ్చలకు 89. పసుపు ఊదాలకు 53 మాత్రమే. కాబట్టి మంచి కన్ను మనమనుకొన్న దానికంటె చుఱుకైనదే. ఎల్లలను ఒకటిన్నర రెట్లు వెనుకకు జరుపవలసినదే. అట్లు జరిపినను 43 అంగుళముల ఫుల్ హెచ్.డి. పెట్టెకు ఎల్ల సుమారు 8 అడుగుల 9 అంగుళములు. మన మంచము 9 అడుగుల మీద నున్నది. చుఱుకైన పడుచు కన్నునకును ఆ చోట 4 కె వలన లాభము లేదు. ఆ శాస్త్రజ్ఞులును ఇట్టి మాటయే చెప్పిరి: రెండున్నర మీటర్ల దూరమున కూర్చుండువారికి 44 అంగుళముల తెరపై 4 కె, 8 కె లు అదనముగా చూపగలది లేదని.

అట్లని పెద్ద తెరలయందును భేదము లేదని నే ననుట లేదు. అదే 9 అడుగుల మంచమునకు 65 అంగుళముల పెట్టె పెట్టినచో, పాత లెక్క చొప్పున ఫుల్ హెచ్.డి. ఎల్ల ఎనిమిదిన్నర అడుగులగును. క్రొత్త లెక్క చొప్పున 13 అడుగులు దాటును. అప్పుడు పడుచువారి కన్నునకు 4 కె భేదము కొంత తెలియవచ్చును. సన్నదనము తెరతోపాటు పెరుగవలయును, తెర చోటుతోపాటు పెరుగవలయును. చిన్న గదిలో చిన్న తెరకు 4 కె ముద్ర వేయుట, పొలమున్నంతలో పనికిరాని మోటారు బిగించుట వంటిది.

ఇంకొక విచిత్రము వినుడు. 'పాత పెట్టెలోనే బొమ్మ బాగుండెను. క్రొత్తది తెచ్చినది మొదలు మసకగా నున్నది' అని వాపోవువారు కలరు. వారి మాటలోను సత్యమున్నది. పాత 20 అంగుళముల పెట్టెలో బొమ్మ యెత్తు 12 అంగుళములు. సాధారణ ప్రసారపు ఎల్ల 6 అడుగులు. 9 అడుగుల మీద కూర్చున్న వానికి గీతలన్నియు కలిసిపోయి బొమ్మ నున్నగా నుండెను. పొరుగున తమిళనాడు ప్రభుత్వము 2006 మొదలు ఇంటింటికి పంచిన 14 అంగుళముల పెట్టెలకైతే ఎల్ల సుమారు నాలుగడుగులే. అదే ప్రసారమును 55 అంగుళముల తెరమీదకు సాగదీసినచో ఎల్ల పదమూడున్నర అడుగులగును. అనగా తొమ్మిదడుగుల మీద కూర్చున్నవానికి లోపములన్నియు బయటపడును. పెట్టె చెడ్డది కాదు, ప్రసారము చెడలేదు, చిన్న పటమును పెద్ద గోడకు సాగదీసితిమి. జంపఖానాకు చాలు నూలుతో పందిరి నేసినట్లు.

ఇంతకంటె ముఖ్యమైన మాట: తెరలో నెన్ని చుక్కలున్నను, వచ్చు ప్రసారములో నన్ని యున్నగాని ప్రయోజనము లేదు. సాధారణ ప్రసారము 4 కె తెరపైకి వచ్చినపుడు, లేని చుక్కలను పెట్టె తానే యూహించి నింపుకొనును. పొంగించిన పాలు పాలే గాని, నీళ్ళు పోసిన పాలు పాలు కావు. మఱియు ప్రసారకులు అనేక కార్యక్రమములను ఒకే త్రోవలో పంపవలసి యుండుటచే బొమ్మను కుదించి పంపుదురు. మెల్లగా కదలు బొమ్మలో ఈ కుదింపు తెలియదు. క్రికెట్టు బంతి పరుగెత్తినపుడు, వాన కురిసినపుడు, జాతరలో జనము కదలినపుడు బొమ్మ చదరపు గళ్ళుగా విడిపోవుట మీరు చూచియే యుందురు. అది చుక్కల కొఱత కాదు, కుదింపు దోషము. 4 కె పెట్టె కొన్నంత మాత్రమున అది పోదు. ఎక్కువ ధర పెట్టదలచినవారు ముందుగా తమ యింటికి వచ్చు ప్రసారము ఏ రకమో విచారింపవలయును.

అయినచో అంగడిలో 4 కె బొమ్మ అంత మిలమిలలాడుట యెట్లు? అంగడిలో మనము తెరకు రెండు మూడడుగుల దూరమున నిలుచుందుము. అచట చూపు బొమ్మలు ఆ పెట్టె కొఱకే తీసినవి: పూలు, చిలుకలు, సముద్రపు టలలు. వెలుగును హెచ్చుగా పెట్టియుందురు. కన్ను మొదట మెచ్చుకొనునది వెలుగును, నలుపు తెలుపుల తేడాను, రంగును; సన్నదనము ఆ పిమ్మట. అంగడికి పోవునపుడు కొలటేపు తీసికొనిపొండు. మీ మంచమునకు తెరకు నున్న దూరమంత వెనుకకు పోయి నిలుచుండి చూడుడు. అప్పుడును మీ కన్ను మెచ్చుకొన్నచో కొనుడు; నేను వలదనను.

నమ్మకము చాలనివారికి ఇంటిలోనే చేయదగిన పరీక్ష యొకటి చెప్పెదను. ఒకే కార్యక్రమము సాధారణ ప్రసారముగాను, హెచ్.డి.గాను రెండు విధములుగా వచ్చుచున్నచో, మనుమనిచే మార్పించుడు. మార్చునంత సేపు మీరు గోడవైపు తిరిగి కూర్చుండుడు. అంకెలు తెరమీద కనబడి గుట్టు చెప్పివేయును గదా. ఏది పెట్టవలయునో మనుమడు నాణెమెగురవైచి బొమ్మ బొరుసులను బట్టి నిర్ణయింపవలయును. మీరు చూచి 'ఇది హెచ్.డి., ఇది కాదు' అని చెప్పవలయును. ఇట్లు పది మార్లు. అయిదు మార్లు సరిగా చెప్పినచో అది యూహ. తొమ్మిది, పది మార్లు సరిగా చెప్పినచో నిజముగా కన్ను గుర్తించుచున్నదన్న మాట; ఊహ వలన అట్లగుట 1024 పర్యాయములలో 11 పర్యాయములు మాత్రమే. డబ్బు పెట్టిన పిమ్మట కన్ను తన డబ్బును సమర్థించును. పెట్టకముందు చేసిన పరీక్షయే పరీక్ష.

ఇక నన్నిటికంటె పెద్ద మాట. ఇంతవఱకు చెప్పిన యెల్లలన్నియు 6/6 చూపు గలవారికి. 6/12 చూపు గల పెద్దలకు ఎల్లలన్నియు సగమునకు తగ్గును. 43 అంగుళముల తెరపై సాధారణ ప్రసారపు ఎల్లయే ఐదుంబావు అడుగులగును. తొమ్మిదడుగుల మీద కూర్చున్న ఆ పెద్దకు సాధారణ ప్రసారమును, హెచ్.డి.యు, 4 కె యు ఇంచుమించుగా ఒక్కటే. ఆయన కొఱకు 4 కె కొనుట, శుక్లము పట్టిన కంటికి సన్న జరీ చీర చూపుట.

దీనికిని ఒక పరీక్ష కలదు. తెల్లకాగితముపై బడిపిల్లవాని కొలబద్దతో 2 మిల్లీమీటర్ల నల్లగీత, 2 మిల్లీమీటర్ల తెలుపు, మరల నల్లగీత, ఇట్లు ఒక పది గీయుడు. పగటి వెలుతురులో వెలుగు బాగుగా పడు గోడకు అంటించుడు. దూరపు చూపునకు కండ్లద్దము లున్నచో పెట్టుకొని, ఒక కన్ను మూసి, గీతలు కలిసి బూడిదరంగు అగునంతవఱకు వెనుకకు నడువుడు. పిమ్మట రెండవ కన్ను. సామాన్యమైన మంచి కంటికి సుమారు 22 అడుగుల వఱకు గీతలు తెలియును. 11 అడుగులకే కలిసిపోయినచో చూపు సగమని తలంచి కంటి డాక్టరును చూడుడు. ఒక్కొక్క కంటిని వేఱుగా చూడుడని యేల చెప్పితిననగా, ఒక కన్ను చెడినను రెండవది సర్దుకొని దానిని మఱుగుపఱచును. మనకు తెలియనే తెలియదు. ఇది వైద్యపరీక్ష కాదు, వైద్యునికడకు పోవలసిన వేళను తెలుపు గంట మాత్రమే.

వయస్సు నలుబది దాటిన పిమ్మట చత్వారము వచ్చి దగ్గఱి యక్షరములు మసకబారును, అది వేఱు. దూరపు తెర మసకబారుట, రాత్రి దీపముల చుట్టును వలయములు కనబడుట, రంగులు వెలసినట్లు తోచుట శుక్లపు గుర్తులు కావచ్చును. శుక్లమనగా కంటిలోని సహజమైన యద్దము మసకబారుట. దానిని తొలగించి కృత్రిమమైన యద్దమును పెట్టుట నేడు సామాన్యమైన చికిత్స. 1976 మొదలు మన దేశమున అంధత్వ నివారణకై జాతీయ కార్యక్రమము కలదు. సర్కారు ఆసుపత్రులలో ఈ చికిత్స ఉచితముగా చేయుదురు. 2019 అక్టోబరు 10న అనంతపురమున ఆరంభించిన కంటి వెలుగు కార్యక్రమము ఊరూర కన్నులను పరీక్షించినది. హైదరాబాదులో 1987లో గుల్లపల్లి నాగేశ్వరరావుగారు నెలకొల్పిన నేత్రవైద్యాలయము చలనచిత్ర దర్శకులు ఎల్.వి. ప్రసాదుగారి పేర నున్నది. దానికి భూరివిరాళ మొసగినవారును వారే. తెరమీద బొమ్మల నాడించి గడించిన ధనము కన్నులకు చేరుట ఎంత యోగ్యమైన పని!

నిమ్మనపల్లె యింటి కథ ముగించెదను. పెద్దాయనను గీతల కాగితము ముందు నిలిపితిమి. కుడికంటికి ఏడడుగులకే గీతలు కలిసిపోయెను, ఎడమకంటికి తొమ్మిది. ఆయన కొంత సేపు మాటలాడలేదు. పిమ్మట, 'అయితే పెట్టె చెడలేదన్న మాట' అనెను. కుమారుడు టమాటా సొమ్ము కట్టను మరల బీరువాలో పెట్టెను. ఆ మాసముననే వైద్యులు చూచి రెండు కన్నులకును శుక్లమనిరి. మొదట నొక కంటికి, కొన్ని వారముల పిమ్మట రెండవ కంటికి చికిత్స జరిగెను. ఇప్పుడు ఆయన అదే మంచముమీద, అదే తొమ్మిదడుగుల దూరమున, అదే 43 అంగుళముల పెట్టె ముందు కూర్చుండి, అడుగున పరుగెత్తు నక్షరములను ఇంటిల్లిపాదికిని వినబడునట్లు బిగ్గరగా చదువుచున్నారు. ఇంటివారికి ఇపుడదియే కొంత యిబ్బంది!

కాబట్టి అయ్యలారా, జ్ఞాపకముంచుకొనవలసిన దింతే. చూచువారు చుక్కల భేదమును గుర్తింపగలరా యన్నచో, గుర్తింపగలరు. కాని ఎల్లకు లోపల కూర్చున్నపుడు, ప్రసారమున ఆ సన్నదన మున్నపుడు, కన్ను మంచిదైనపుడు మాత్రమే. మొదట కన్ను, పిదప మంచము, పిదప ప్రసారము, చివరకు పెట్టె. ఈ వరుస తప్పినచో డబ్బు పోవును, మసక మిగులును. దూరపు కొండలు నునుపే. ఆ నునుపు కొండదా, కంటిదా యని ముందు విచారించుట పెద్దల లక్షణము.